మా నాన్న యుద్ధం వద్దంటున్నారు

గత నెల ఈ పేజీలో ఎవరికో పెన్షన్ కాగితాల గురించి జవాబు రాస్తూ మధ్యలో ఒక మాట అన్నాను. 24 ఏళ్ళు ఆర్మీలో ఫోన్లు, రేడియోలు చూసే సిగ్నల్స్ విభాగంలో పనిచేసి, శ్రీలంకలో మన శాంతి సేనతో 16 నెలలు ఉండి వచ్చిన నేను ఇప్పుడు ఎక్కడైనా యుద్ధం వద్దని సభ పెట్టి పిలిస్తే పర్లాకిమిడి నుంచి బస్సెక్కి వెళ్తానని రాశాను. ఆ ఒక్క మాటకి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షిక మొదలుపెట్టాక దేనికీ రాలేదు. కొందరు మెచ్చుకున్నారు, ఎక్కువమంది కోప్పడ్డారు, ఒకరిద్దరు ఏడుస్తూ రాశారు. ఈ నెల పేజీ అంతా వాటికే ఇచ్చేశాను. పెన్షన్ సంగతులు అడిగినవాళ్ళు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: సుబేదార్ గారికి నమస్కారం. మాది కాశీనగర్ దగ్గర పల్లెటూరు. మా నాన్న ఆర్టిలరీలో 17 ఏళ్ళు చేసి హవల్దారుగా వచ్చేశారు. కార్గిల్ యుద్ధంలో ఉన్నారు, కుడి చెవి సరిగ్గా వినపడదు. ఇన్నేళ్ళూ దాని గురించి ఇంట్లో ఒక్క మాట మాట్లాడింది లేదు. మూడేళ్ళ నుంచి మాత్రం బడివాళ్ళు జెండా పండక్కి పిలిస్తే పిల్లల ముందు యుద్ధం మంచిది కాదని చెప్తున్నారు. మొన్నామధ్య టీవీలో దాడుల వార్తలు వచ్చినప్పుడు బజార్లో కుర్రాళ్ళు స్వీట్లు పంచుతుంటే తీసుకోలేదట, ఇది పండగ కాదురా అన్నారట. అప్పట్నుంచి తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నాడని ఊళ్ళో అంటున్నారు. తమ్ముడికి 19. అగ్నివీర్‌కి వెళ్తానని రోజూ తెల్లారగట్ల వంశధార గట్టు మీద పరిగెడుతున్నాడు. నాన్న వద్దనలేదు, సరే అనలేదు. ఇద్దరికీ మాటల్లేవు, మధ్యలో అమ్మ నలిగిపోతోంది. నాన్నకి మనసు బాగాలేదేమో, డాక్టరుకి చూపించమని మావయ్య పోరు పెడుతున్నాడు. నేనేం చెయ్యాలి?
– ఒక కూతురు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు మీ మావయ్య మాట తీసుకుంటాను, ఎందుకంటే నా విషయంలో మా బావమరిది కూడా సరిగ్గా ఇదే అన్నాడు. యుద్ధం నుంచి వచ్చినవాడు యుద్ధం వద్దంటే అతనికేదో అయిందనుకోవడం చాలా పాత అలవాటు. మొదటి ప్రపంచ యుద్ధంలో సీగ్‌ఫ్రీడ్ ససూన్ అని ఇంగ్లండులో ఒక కవి, సైన్యంలో ఆఫీసరు, ధైర్యానికి మిలిటరీ క్రాస్ పతకం వచ్చినవాడు. ఈ యుద్ధాన్ని ఆపగలిగినవాళ్ళే కావాలని సాగదీస్తున్నారని 1917 జూలైలో సంతకం పెట్టి మరీ ప్రకటన చేశాడు, దాన్ని వాళ్ళ పార్లమెంటులో చదివారు కూడా. పైవాళ్ళు ఆయన్ని కోర్ట్ మార్షల్ చెయ్యలేదు. నరాల బలహీనత అని రాసి ఎడింబరో దగ్గర క్రెయిగ్‌లాకర్ట్ అనే ఆసుపత్రికి పంపేశారు. అక్కడితో కథ అయిపోలేదు. ఆయన మళ్ళీ యుద్ధానికి వెళ్ళాడు, 1918లో తలకి తూటా తగిలి చావు తప్పించుకుని వచ్చాడు. అన్న మాట వెనక్కి తీసుకుని వెళ్ళలేదు, తన కింద పనిచేసిన కుర్రాళ్ళు అక్కడే ఉన్నారని వెళ్ళాడు. మీ నాన్నగారిలో కూడా ఈ రెండూ ఉంటాయి. యుద్ధం వద్దనే మనిషే రేపు తన రెజిమెంటువాడు ఎవడైనా గుమ్మంలోకి వస్తే కోడిని కోయించి కూర్చోబెడతాడు. అందులో మీకు తికమక అనిపిస్తే మాకు అదేం తికమకగా ఉండదు.

కాకపోతే ఒక్కటి మీరు చూసుకోవాలి. మీ నాన్నగారు చెప్పే మాట వేరు, ఆయన నిద్ర వేరు. రాత్రి కేకలేసి లేస్తున్నారా, దీపావళి టపాసులకి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటున్నారా, తిండి తగ్గిందా, తాగుడు పెరిగిందా, అమ్మని అడిగితే తెలుస్తుంది, పిల్లలకి తెలియనివి ఆవిడకి తెలుస్తాయి. అలాంటిది ఉంటే మాత్రం సిగ్గుపడకుండా చూపించండి. మాజీ సైనికుల వైద్యానికి ఇచ్చే ఈసీహెచ్ఎస్ కార్డు ఉంటుంది కదా, లేదా బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక విభాగం ఉంది, కదలడానికి ఇష్టపడకపోతే టెలి మానస్ అని 14416 నంబరుకి ఎప్పుడు ఫోన్ చేసినా మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు. నేను వెళ్ళాను, మందులు వాడాను, నిద్ర పట్టింది. నిద్ర పట్టాక కూడా యుద్ధం గురించి నా అభిప్రాయం మారలేదు. మావయ్యకి ఇది చెప్పండి.

ఇక తమ్ముడి సంగతి. అబ్బాయి తెలిసే వెళ్తున్నాడా అన్నది నాకు ముఖ్యం. అగ్నివీరుల్ని తీసుకునే అగ్నిపథ్ పథకం 2022లో వచ్చింది, పదిహేడున్నర ఏళ్ళు నిండిన పిల్లల్ని తీసుకుంటారు, నాలుగేళ్ళు సర్వీసు, ఆ తర్వాత నూటికి 25 మంది వరకే రెగ్యులర్‌గా ఉంచుకుంటారు. మిగతావాళ్ళకి సేవా నిధి కింద సుమారు 11 లక్షల 71 వేలు చేతికి వస్తుంది, పెన్షన్ ఉండదు. మీ నాన్నకి వచ్చినట్టు తనకీ నెలనెలా పెన్షన్ వస్తుందని ఊళ్ళో చాలామంది కుర్రాళ్ళు ఇప్పటికీ అనుకుంటున్నారు, నేను విన్నాను. అది తెలుసుకుని, 23 ఏళ్ళకి ఇంటికొస్తే ఏం చేస్తాడో ఇప్పుడే ఒక ఆలోచన పెట్టుకుని వెళ్తే వెళ్ళనివ్వండి. మా వైపు పల్లెల్లో పొలం చాలక, సూరత్ మిల్లులకో చెన్నై కట్టడాలకో పోవడం ఇష్టంలేక పరిగెడుతున్న పిల్లాడికి యుద్ధం గురించి ఉపన్యాసం చెప్పి ఆపే హక్కు నాకు లేదు. నేను కూడా 1984లో అలా పరిగెత్తే వెళ్ళాను.

మీ నాన్న మౌనానికి అర్థం నాకు తెలుసనుకుంటున్నాను. వెళ్ళమంటే తను చెప్పేదంతా అబద్ధమైపోతుంది, వద్దంటే తన 17 ఏళ్ళూ దండగ అన్నట్టవుతుంది, ఆ రెంటి మధ్యా నోరు పెగలట్లేదు. అందుకని ఆయన్ని వెళ్ళమంటావా వద్దంటావా అని నిలదియ్యకండి. ఏదో ఒక రాత్రి అన్నాలయ్యాక మీరే తమ్ముడి ముందు, నాన్నా మీ ట్రైనింగ్ మొదటి నెల ఎలా గడిచింది అని అడగండి. అది చెప్తారు. ఏ మాజీ సైనికుడైనా ట్రైనింగ్ గురించి చెప్తాడు, ఆ కబుర్లు మొదలైతే ఆగవు. అక్కణ్ణుంచి ఫిరంగి దాకా, ఆ చెవి దాకా ఆయనే వస్తారు, ఎన్నాళ్ళకి వస్తారో నేను చెప్పలేను. వచ్చినప్పుడు తమ్ముడు వింటే చాలు.

ప్రశ్న: మీరు దేశం ఇచ్చిన జీతం తిన్నారు, ఇప్పుడు పెన్షన్ తింటున్నారు. గోపాల్‌పూర్ రోడ్డులో ఆర్మీ బండ్లు వెళ్తుంటే నేను ఆగి చూస్తాను, గర్వంగా ఉంటుంది. సరిహద్దులో జవాను నిలబడితేనే మనం ఇంట్లో పడుకుంటున్నాం. సైనికుడే యుద్ధం వద్దంటే శత్రువుకి బలం ఇచ్చినట్టు కాదా? అమెరికాలో ఇలాంటి ఫ్యాషన్లు ఉండొచ్చు, మన దేశంలో పనిచేసినవాడెవడూ ఇలా మాట్లాడడు. ఇది నా సూటి ప్రశ్న.
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, బరంపురం

జవాబు: అయ్యా, సూటిగానే చెప్తాను. సైన్యం ఉండాలి. ఎవరైనా మన మీదికొస్తే నిలబడాలి, ఇవాళ పిలిచినా రేడియో సెట్టు ముందు కూర్చోవడానికి నేను సిద్ధం. నేను వద్దనేది వేరే. పని ఇంకా మాటలతో అయ్యే అవకాశం ఉండగానే కొట్టండి, చంపండి అని ఊరంతా కేకలెయ్యడం, పోయేవాడు పక్కింటివాడు కాదు కాబట్టి తేలిగ్గా యుద్ధం కోరుకోవడం. దాన్ని వద్దనడానికి నాకంటే హక్కున్నవాడు ఎవరో మీరే చెప్పండి.

మన దేశంలో ఎవరూ లేరన్నారు. అడ్మిరల్ లక్ష్మీనారాయణ్ రాందాస్ గారు ఉన్నారు. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో ఐఎన్ఎస్ బియాస్ అనే యుద్ధనౌకకి కమాండరు, వీరచక్ర వచ్చింది. 1990 నుంచి 1993 దాకా మొత్తం భారత నౌకాదళానికే అధిపతి. ఆయన కన్నా ఎక్కువ ఉప్పు తిన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? అలాంటి మనిషి రిటైరయ్యాక భారత్, పాకిస్తాన్ ప్రజల మధ్య స్నేహం కోసం తిరిగారు, 1998లో రెండు దేశాలూ అణు పరీక్షలు చేసినప్పుడు ఇది తప్పని బాహాటంగా అన్నారు. 2004లో మెగసెసే అవార్డు వచ్చింది, అది పాకిస్తాన్‌కి చెందిన ఐ.ఎ. రెహ్మాన్ గారితో కలిపి ఇచ్చారు. 2024 మార్చిలో 90 ఏళ్ళ వయసులో హైదరాబాద్‌లో పోయారు. ఆయన్నీ దేశద్రోహి అన్నవాళ్ళు ఉన్నారు. అన్నవాళ్ళలో యుద్ధనౌక నడిపినవాళ్ళు ఎంతమందో లెక్క చూసుకోండి.

అమెరికా సంగతి మీరే ఎత్తారు కాబట్టి అది కూడా పూర్తిగా చెప్పాలి. వియత్నాంలో పోరాడి వచ్చిన కొద్దిమంది 1967లో న్యూయార్క్‌లో యుద్ధానికి వ్యతిరేకంగా సంఘం పెట్టుకున్నారు, నాలుగేళ్ళు తిరిగేసరికి వేలమందయ్యారు. 1971 ఏప్రిల్‌లో వందలమంది మాజీ సైనికులు, కాళ్ళు పోయి చక్రాల కుర్చీల్లో వచ్చినవాళ్ళు కూడా, వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనం మెట్ల ముందు కట్టిన కంచె అవతలికి తమ పతకాలు విసిరేశారు. విసిరే ముందు కొందరు చచ్చిపోయిన స్నేహితుల పేర్లు చెప్పారు. అంతకు ముందు రోజే జాన్ కెర్రీ అనే నేవీ మాజీ ఆఫీసరు సెనేట్ కమిటీ ముందు కూర్చుని, ఒక పొరపాటు కోసం చచ్చిపోయే ఆఖరి మనిషివి నువ్వే అవ్వమని ఎవర్నైనా ఎలా అడుగుతారు అన్నాడు. ఆయనే 2013లో ఆ దేశానికి విదేశాంగ మంత్రి అయ్యాడు. ఫ్యాషన్ కోసం ఎవరూ కాళ్ళు పోగొట్టుకోరండీ. వాళ్ళకంటే ముందు స్మెడ్లీ బట్లర్ అని మెరీన్ జనరల్, ముప్పై ఏళ్ళకు పైగా పోరాడి, వాళ్ళ దేశపు అత్యున్నత పతకం రెండుసార్లు తెచ్చుకుని, 1935లో చిన్న పుస్తకం రాసి యుద్ధంలో ఎవరికి లాభమో లెక్కలతో చెప్పాడు.

నేను నా పతకాలు పారెయ్యలేదు, పారెయ్యను కూడా. పారేసినవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. నావి నేను ఎలా సంపాదించానో నాకు తెలుసు, వాటిలో నా స్నేహితుడి పాలు ఉంది. ఆ మాట అనేశాను కాబట్టి అతని సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఈ పేజీలో రాయలేదు.

అతనిది మా తాలూకాయే. సిగ్నల్స్‌లోనే లైన్‌మన్. కేబుల్ చుట్ట భుజాన వేసుకుని చెట్ల వెంట, గట్ల వెంట ఫోన్ తీగ లాగుకుంటూ పోవడం, ఎక్కడ తెగితే అక్కడికి పోయి కలపడం అతని పని. తెలుగువాడే, ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే, చదివింది మాత్రం ఒరియా బడిలో. మా సరిహద్దువాళ్ళకి ఇది కొత్త కాదు. పెళ్ళాం టెక్కలి వైపు పిల్ల, ఆ అమ్మాయికి తెలుగు తప్ప ఇంకో అక్షరం రాదు. మొగుడు రాసిన ఒరియా ఉత్తరం పెళ్ళాం చదవలేదు, అంచేత అతను చెప్తుంటే తెలుగులో నేను రాసేవాణ్ణి. ముందు సిగ్గుపడేవాడు, తర్వాత అలవాటైపోయింది. 1988లో మేం లంకలో ఉండగా అతనికి దసరాకి సెలవు దొరికింది. ఆ సాయంత్రం నా మంచం మీద కూర్చుని చెప్పాడు, నేను ఇన్లాండు కాగితం మీద రాశాను. వస్తున్నాను, పిల్లకి గౌను కొన్నాను, కొలత తెలియక కొంచెం పెద్దదే తీశాను, గోడకి సున్నం ఇప్పుడే వెయ్యకు నేనొచ్చి వేస్తాను. ఇవీ మాటలు. మడిచి అంటించి టపా సంచిలో వేశాను.

మర్నాడు పొద్దున్న లైను తెగిందంటే ముగ్గురు వెళ్ళారు. మందుపాతర మీద అతని అడుగు పడింది. నాకు డ్యూటీ సిగ్నల్ సెంటర్లో. ఎవరైనా పోతే ఆ కబురు మెసేజీగా వెళ్ళాలి, అక్కణ్ణుంచి జబల్‌పూర్‌లో మా రికార్డ్ ఆఫీసుకి, వాళ్ళు ఇంటికి టెలిగ్రాం ఇచ్చేవారు. నంబరు, ర్యాంకు, పేరు, తేదీ. ఆ కాగితం నా ముందుకొచ్చింది, నేనే పంపాను. చెయ్యి వణకలేదు. ఆ మాట ఎందుకు రాస్తున్నానంటే, వణకలేదని నాకు ఇప్పటికీ బాధ. పని అలా నేర్పారు, అక్షరం తప్పు పోకూడదు, నంబరు తప్పు పోతే ఇంకొకరి ఇంట్లో ఏడుపు లేస్తుంది.

టెలిగ్రాం ముందు చేరింది. ఉత్తరం నాలుగు రోజుల తర్వాత చేరింది. ఆ అమ్మాయి ఆ ఇన్లాండు చూసి, మనిషి బతికే ఉన్నాడు, టెలిగ్రాం తప్పు అని ఊళ్ళో ఇంటింటికీ పరిగెత్తిందట. పోస్టు మాస్టరు తేదీ ముద్ర చూపించి చెప్పేదాకా నమ్మలేదట. రెండూ నా చేతి మీద నుంచి వెళ్ళినవే.

మేం లంకకి వెళ్ళింది 1987 జూలైలో మన దేశం, శ్రీలంక చేసుకున్న ఒప్పందం తర్వాత, శాంతి నిలబెట్టడానికని. మొదట్లో మనవాళ్ళ మెళ్ళో దండలు వేసినవాళ్ళున్నారు. అక్టోబరుకల్లా తమిళ పులులతో యుద్ధమైపోయింది. 1990 మార్చిలో ఆఖరి ఓడ ఎక్కి వచ్చేసరికి మనవాళ్ళు పదకొండు వందల మందికి పైగా పోయారు, అక్కడి ఊళ్ళలో పోయిన ఆడవాళ్ళు, పిల్లలు వేరే. తిరిగొచ్చాక ఎందుకు వెళ్ళారో, ఏం సాధించారో అడిగినవాళ్ళు లేరు. మా వీధిలోనే, లంకలో మన యుద్ధమేమిటి అన్నారు. అంచేత అయ్యా, మీరు అడిగిన శత్రువుకి బలం అన్న మాటకి నా దగ్గర ఉన్న జవాబు ఆ ఇన్లాండు ఉత్తరం. అది చదివి బలం తెచ్చుకునే శత్రువు ఎవరో నాకు తెలియదు.

ప్రశ్న: తాతగారూ, మా కాలేజీలో వ్యాసరచన పోటీకి కళింగ యుద్ధం ఇచ్చారు. యుద్ధం చేసి యుద్ధం వద్దన్న మొదటి సైనికుడు అశోకుడే అని రాస్తే సరిపోతుందా? జౌగడ మాకు దగ్గరే.
– డిగ్రీ విద్యార్థిని, ఛత్రపురం

జవాబు: దగ్గరే అయితే ముందు వెళ్ళి చూడమ్మా, పుస్తకంలోంచి ఎత్తి రాయకు. పురుషోత్తంపూర్ దాటాక రుషికుల్య నది పక్కన అశోకుడి శాసనాలు చెక్కిన ఆ బండ ఉంటుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు, లక్షమంది చచ్చిపోయారని అశోకుడు బాధపడిన మాట ఇక్కడే చెక్కి ఉంటుందనుకుని వెళ్ళాను. లేదు. ఆ మాట ఉన్నది పదమూడో శాసనంలో. యుద్ధంలో లక్షమంది చచ్చారని, లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయారని, ఇంకా ఎన్నో రెట్ల మంది తర్వాత పోయారని అందులో ఉంది. జౌగడలోనూ, భువనేశ్వర్ దగ్గర ధౌలిలోనూ పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు చెక్కించలేదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది, ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీలో ఉంది. దెబ్బ తిన్న కళింగలో మాత్రం ఆ పశ్చాత్తాపం లేదు. దాని బదులు ఇక్కడి అధికారులకి వేరే శాసనాలు రెండు చెక్కించాడు. మనుషులందరూ నా పిల్లలే, వాళ్ళని అకారణంగా చెరలో వెయ్యకండి, బాధ పెట్టకండి అని.

ఎందుకు వదిలేశాడో పండితులు రకరకాలుగా చెప్తారు. నాకు అనిపించేది ఒకటి ఉంది, ఇది నా ఊహ అని చెప్పే రాయి. ఎవరి ఇంట్లో మనిషిని చంపావో ఆ ఇంటి గోడ మీద, నేను ఇంతమందిని చంపి బాధపడ్డాను అని రాయలేవు. నేను లంకలో చూసిన ఊళ్ళకి ఇవాళ వెళ్ళి నిలబడితే నా నోట కూడా ఆ మాట రాదు. ఇక్కడ మీ ముందు వస్తుంది.

ఇంకొకటి, అశోకుణ్ణి సైనికుడు అనకు. ఆయన రాజు, యుద్ధం చెయ్యమని చెప్పినవాడు. ఆయన మారాక కూడా సైన్యాన్ని రద్దు చెయ్యలేదు, అదే పదమూడో శాసనంలో అడవి జనాలకి, నాకు పశ్చాత్తాపం ఉన్నా శక్తి కూడా ఉంది సుమా అని హెచ్చరిక ఉంది. రాజు మారితే శాసనమైంది. ఆ యుద్ధంలో కత్తి పట్టి ఇంటికెళ్ళి నిద్రపట్టక కూర్చున్న కాల్బలంవాడి మాట ఏ బండ మీదా లేదు. నీ వ్యాసంలో వాడి గురించి నాలుగు వాక్యాలు రాస్తే నాకు పంపు.

ప్రశ్న: నేను మాజీ నాయక్‌ని. శాంతి ర్యాలీకి రమ్మంటున్నారు. వెళ్తే పెన్షన్ ఆపేస్తారని, క్యాంటీన్ కార్డు తీసుకుంటారని భయపెడుతున్నారు. నిజమా?
– రాయగడ

జవాబు: సర్వీసులో ఉన్నవాడికి ఆంక్షలున్నాయి. రాజ్యాంగం 33వ అధికరణం కింద పార్లమెంటు సైనికుల హక్కుల్ని పరిమితం చెయ్యొచ్చు, 1950 ఆర్మీ చట్టం ప్రకారం సభలకి, పత్రికలకి, సంఘాలకి దూరంగా ఉండాలి. అంచేత మీ అబ్బాయో అల్లుడో సర్వీసులో ఉంటే వాళ్ళని వెంట తీసుకెళ్ళకండి, వాళ్ళ ఫోన్లో మీ ఫొటోలు పెట్టించకండి. మీరు రిటైరయ్యారు, అందరిలాంటి పౌరులు. అనుమతి తీసుకుని ప్రశాంతంగా జరిగే సభకి వెళ్ళినంత మాత్రాన పెన్షన్ ఆగదు. తీవ్రమైన నేరంలో శిక్ష పడితే అది వేరే కథ. 1923 నాటి అధికార రహస్యాల చట్టం మాత్రం చచ్చేదాకా వర్తిస్తుంది, కాబట్టి ఎక్కడ ఏ యూనిట్ ఉందో, ఏ పరికరం ఎలా పనిచేస్తుందో మైకులో చెప్పకండి, ఫోన్లో రాయకండి. యూనిఫాం వేసుకోవద్దు. మామూలు చొక్కా మీద మీ పతకాలు పెట్టుకోవచ్చు, అవి మీవి. ఏ పార్టీ జెండా కింద పిలిచారో కూడా చూసుకోండి, ఎన్నికల ముందు మన మెడల్ మీద ప్రేమ చాలామందికి పుట్టుకొస్తుంది.

ప్రశ్న: అన్నగారూ, నేనూ 22 ఏళ్ళు చేసి వచ్చాను. మీది చదివాక మా ఊరి బడిలో మాట్లాడతానని హెడ్మాస్టరుకి చెప్పేశాను, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. పిల్లలకి ఏం చెప్పాలి? వాళ్ళు ఏం అడుగుతారు?
– గుణుపురం

జవాబు: తమ్ముడూ, మొదటి ప్రశ్న ఏం వస్తుందో నేను ఇప్పుడే చెప్పగలను. ఎంతమందిని చంపారు? ప్రతి బడిలోనూ అదే. కోపం తెచ్చుకోకు, వాళ్ళు సినిమాల్లో చూసిందే అడుగుతారు. అబద్ధం చెప్పకు, నెత్తురు వర్ణించకు. చూసినదే చెప్పు, విన్నది చెప్పకు. యుద్ధాల చరిత్ర టీచర్లు చెప్తారు, నీ వీపు మీద బరువు ఎంత ఉండేదో నువ్వే చెప్పాలి. నేను పది కిలోల బియ్యం సంచి పట్టుకెళ్తాను, రేడియో సెట్టు సుమారు అంత ఉండేదని చెప్పి ఒక్కొక్కరి వీపున పెట్టి బడి చుట్టూ నడిపిస్తాను. మూడో చుట్టుకి నవ్వులు ఆగిపోతాయి, అప్పుడు కూర్చుంటారు, అప్పుడు వింటారు. ఇరవై నిమిషాలు దాటించకు. సైన్యంలో చేరతానని ఎవడైనా చెయ్యెత్తితే వాణ్ణి చిన్నబుచ్చకు, పొద్దున్నే లేస్తున్నావా అని అడుగు.

ఒక్కోసారి నువ్వు ఊహించనిది అడుగుతారు. కిందటేడు ఒక ఊరి బడిలో ఆరో తరగతి పిల్ల లేచి, తాతా, అవతలివాళ్ళకి కూడా రేడియో ఉండేదా అంది. ఉండేదమ్మా, వాళ్ళ మాటలు ఒక్కోసారి మాకు వినపడేవి అన్నాను. ఏం మాట్లాడుకునేవారు అంది. చాలావరకు మాకు అర్థం కాని సంకేతాలే. కానీ రాత్రి తొమ్మిది దాటాక ఒకడు ఇంకొకణ్ణి తమిళంలో రోజూ ఒకే మాట అడిగేవాడు, సాప్టియా అని. తిన్నావా అని అర్థం. అవతల గొంతు చిన్నపిల్లాడి గొంతు, పదిహేనేళ్ళు ఉంటాయేమో. తిన్నానో తినలేదో చెప్పేవాడు. ఒక వారం నుంచి అడిగేవాడు అడుగుతూనే ఉన్నాడు, అవతలి నుంచి జవాబు లేదు. ఇంతే చెప్పాను. ఆ పిల్ల కూర్చుంది.

నీ సభ ఏ రోజో ఉత్తరం రాయి. నాకు కుదిరితే పర్లాకిమిడిలో గుణుపురం రైలెక్కి వచ్చేస్తాను, వెనక బెంచీలో కూర్చుంటాను, మాట్లాడను. బియ్యం సంచి మాత్రం నువ్వే తెచ్చుకో.